రహస్య సహోదరుల కథ వ్రాసిన కాపరి: యోహాన్ వాలెంటీన్ ఆండ్రియే

ధ్యాన భాగము: యోహాను సువార్త 18వ అధ్యాయము, 19 నుండి 21 వచనములు



ప్రధానయాజకుడు మన ప్రభువును ఆయన శిష్యులను గూర్చియు బోధను గూర్చియు విచారణ చేసినప్పుడు ప్రభువు ఇచ్చిన జవాబు మీరెరుగుదురు. తాను చెప్పినదంతయు మందిరములలో నలుగురి యెదుట చెప్పినదే గాని చాటుగా చెప్పినది ఒక్కటియు లేదనియు, కావలసినయెడల విన్నవారినే అడుగవచ్చుననియు ఆయన తెలిపెను. ఆ జవాబును మనస్సునందుంచుకొని, సుమారు 400 సంవత్సరములక్రిందట జర్మనీ దేశములో జీవించిన ఒక లూథరన్ కాపరి చరిత్రను ఈ నెల ధ్యానింతము.

ఆయన పేరు యోహాన్ వాలెంటీన్ ఆండ్రియే. యౌవనములో ఆయనయు ఆయన స్నేహితులును అల్లిన ఒక కథ వారి చేతులు దాటి దేశదేశములు తిరిగెను. ఆయన చనిపోయిన తరువాత, ఫ్రీమేసనులలోనుండి పుట్టిన పలు రహస్య సంఘములు ఆ కథను తమ పుట్టుపూర్వోత్తరముగా చెప్పుకొనెను. ఆండ్రియే మాత్రము తన ఆయుష్కాలమంతయు వేరొక సహోదరత్వమును కట్టుటకు ప్రయాసపడెను. ఈ రెంటికిని గల భేదమే నేటి మన పాఠము.

కమ్మరి వంశము

ఆండ్రియే 1586 ఆగస్టు 17న, జర్మనీ నైరుతి భాగమందలి వుర్టెంబర్గు సంస్థానములో, హెరెన్‌బర్గు అను చిన్న పట్టణమున జన్మించెను. ఆయన తాతయైన యాకోబు ఆండ్రియే ఒక కమ్మరి కుమారుడు. కొలిమి యొద్దనుండి వచ్చిన ఆ తాత ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమునకు ఛాన్సలర్ ఆయెను. లూథరు మరణించిన తరువాత ఒకరితో ఒకరు కలహించుచున్న సంఘములను సమాధానపరచుటకై 1577లో సిద్ధమైన విశ్వాస ప్రమాణమును వ్రాసిన వారిలో ఆయన ముఖ్యుడు. తండ్రి కూడ కాపరియే. అయితే తండ్రికి రసవాదమునందు, అనగా హీనమైన లోహములను బంగారముగా మార్చు విద్యయందు, ఆసక్తి మెండు. ఆ కాలమున రాజులు మొదలుకొని పాదిరుల వరకు అనేకులకు ఆ ఆశ పట్టియుండెను.

1601లో తండ్రి మరణించెను. తల్లి మరియ పిల్లలను వెంటబెట్టుకొని ట్యూబింగెన్ చేరెను. ఈమె మందుల తయారీ యెరిగిన స్త్రీ. తరువాత కొన్ని సంవత్సరములు రాజాస్థానపు మందుల శాలను ఆమెయే చూచుకొనెను. మర్మవిద్యలయందు కుతూహలము తండ్రినుండియు, రోగులయందు కనికరము తల్లినుండియు కుమారునికి సంక్రమించెనని చెప్పవచ్చును. ఆ కుటుంబపు ముద్రలో ఒక ఏటవాలు సిలువయు, దాని నాలుగు సందులలో నాలుగు గులాబీలును ఉండెను. మార్టిన్ లూథరు ముద్రలో కూడ గులాబియు సిలువయు ఉన్నవి. ఈ గుర్తును జ్ఞాపకముంచుకొనుడి.

ట్యూబింగెన్ స్నేహితులు

పదునైదేండ్ల ప్రాయమున ఆండ్రియే విశ్వవిద్యాలయములో చేరెను. ఖగోళ శాస్త్రజ్ఞుడైన కెప్లరుకు గురువైన మేస్ట్లిన్ యొద్ద ఈయనయు గణితము నేర్చుకొనెను. 1605లో ఎం.ఏ. పట్టము పొందెను.

లూథరు దిద్దుబాటు మొదలై అప్పటికి 90 సంవత్సరములు కావచ్చుచుండెను. ప్రసంగపీఠములపైనుండి వాదములు ఎక్కువాయెను. సిద్ధాంతము సరిగానున్నను జీవితము చల్లబడెను. పండితులు పేరుకొరకు వ్రాయుచుండిరి, వైద్యులు డబ్బుకొరకు చూచుచుండిరి, బీదలను పట్టించుకొనువారు తక్కువైరి. దీనిని చూచి దుఃఖించిన కొందరు స్నేహితులు టోబియాస్ హెస్ అను న్యాయవాదియు వైద్యుడునైన వాని యింట కూడుచుండిరి. క్రిస్టోఫ్ బెసోల్డ్ అను గొప్ప చదువరియు వారిలో నుండెను. ఆండ్రియే వారందరిలో చిన్నవాడు. దేవుని భయమును విద్యను ఒకటిగా చేర్చి లోకమును మరల దిద్దవలెనన్నది వారి తలంపు. తలంపు మంచిదే.

1607లో ఒక వివాదము మూలముగా ఆండ్రియే చదువు విడిచి వెళ్లవలసివచ్చెను. కొన్ని సంవత్సరములు పెద్దయింటి పిల్లలకు చదువు చెప్పుచు ఊరూరు తిరిగెను. గడియారములు చేయువారియొద్దను వడ్రంగులయొద్దను కూర్చుండి చేతిపనులను గమనించెను. 1611లో జెనీవా పట్టణము చూచెను. అక్కడ కాల్విను స్థాపించిన సంఘక్రమశిక్షణలో బూతుమాటలు, జూదము, సోమరితనము విచారణకు వచ్చుట చూచి ఆశ్చర్యపడెను. తాను లూథరన్‌గానే నిలిచెను గాని, అట్టి పరిశుద్ధ క్రమము తన దేశములోను ఉండవలెనను కోరిక ఆయనను ఎన్నడును విడువలేదు.

లేని సంఘమును గూర్చిన పుస్తకము

1614లో కాసెల్ పట్టణమున ఒక చిన్న పుస్తకము అచ్చుపడెను. దానిమీద గ్రంథకర్త పేరు లేదు. క్రిస్టియన్ రోజెన్‌క్రాయిట్జ్, అనగా గులాబి సిలువ క్రైస్తవుడు, అను ఒక సన్యాసి చరిత్ర అందులో నుండెను. అతడు తూర్పు దేశములకు వెళ్లి అరబ్బు జ్ఞానులయొద్ద విద్యలు నేర్చి, స్వదేశమునకు తిరిగివచ్చి, కొద్దిమందితో ఒక సహోదర సంఘమును స్థాపించెనట. ఆ సహోదరులు ఉచితముగా రోగులను స్వస్థపరచవలెను. ప్రత్యేక వస్త్రములు ధరింపరాదు. ఏటికొకసారి కూడవలెను. ప్రతివాడు తన తరువాత ఒకనిని ఏర్పరచుకొనవలెను. సంఘము నూరేండ్లు రహస్యముగా నుండవలెను. రోజెన్‌క్రాయిట్జ్ 106 సంవత్సరములు బ్రతికి చనిపోగా, 120 సంవత్సరములకు అతని సమాధి తెరువబడి, దేహము చెడక కనబడెనట. ఇప్పుడు లోకము దిద్దబడు కాలము సమీపించినది గనుక యోగ్యులు తమతో చేరవచ్చునని పుస్తకము పిలుపునిచ్చెను. చేరుటకు చిరునామా మాత్రము లేదు.

మరుసటి యేట రెండవ పుస్తకమును, 1616లో స్ట్రాస్‌బర్గులో మూడవదియు వెలువడెను. మూడవది ఏడు దినములు జరిగిన ఒక రాజవివాహమును గూర్చిన స్వప్నమువంటి కథ. దీనిని ఆండ్రియే విద్యార్థి దశలోనే వ్రాసెను. తన జీవితచరిత్రలో అది తన కలమునుండి వచ్చిన వినోద రచనయేయని ఒప్పుకొని, పెద్దలు దానిని నిజమని పట్టుకొని వెదకుట వింతగానున్నదని వ్రాసెను. మొదటి రెండు పుస్తకములు హెస్ యింట కూడిన స్నేహితులలోనుండియే వచ్చినవని పండితులలో ఎక్కువమంది అభిప్రాయము. అట్టి సంఘము ఉండినట్లు ఋజువు లేదు. సన్యాసి లేడు, సమాధి లేదు. ఉండవలెనని కోరినదానిని ఉన్నట్లుగా వ్రాసిరి.

దేశమంతట అలజడి

కథ వ్రాసినవారు ఎదురుచూడనిది జరిగెను. మొదటి పుస్తకము అచ్చు కాకమునుపే చేతివ్రాతలో తిరుగుచుండెను. టిరోల్ ప్రాంతమందలి ఆడమ్ హాస్ల్‌మాయర్ అను సంగీతజ్ఞుడు దానిని చదివి నిజమని నమ్మి, ఆ సహోదరులకు ఒక జవాబు వ్రాసి 1612లో అచ్చువేయించెను. అతని మతాభిప్రాయములను బట్టి ఆ ప్రాంతపు అధికారులు అతని పట్టి, ఓడలలో తెడ్లు వేయు ఖైదీలలోనికి పంపిరి. లేని సహోదరుల కొరకు ఉన్న మనుష్యుడు గొలుసులలో కూర్చుండెను.

తరువాత వందలకొలది పుస్తకములును కరపత్రములును వెలువడెను. కొందరు ఆ సంఘమును పొగడిరి, కొందరు అది సైతాను పని అని ఖండించిరి. ఎక్కువమంది తమ్మును చేర్చుకొనుమని బ్రతిమాలుచు బహిరంగ లేఖలు అచ్చువేయించిరి. వైద్యులు వ్రాసిరి, విద్యార్థులు వ్రాసిరి. జవాబు ఒక్కటియు రాలేదు. ఈ సందడిలో వంచకులు బయలుదేరి, మేమే ఆ సహోదరులమని చెప్పి సొమ్ము గుంజిరి. 1623లో ఆ సహోదరులు కనబడకుండ తమ పట్టణములో సంచరించుచున్నారని ప్యారిసు గోడలమీద కాగితములు అంటింపబడగా జనులు భయపడిరి.

ఆలోచించుడి. ఆ లేఖలు వ్రాసినవారు బాప్తిస్మము పొందినవారు. వారి ఊరిలో సంఘమున్నది, వాక్యమున్నది, ప్రభువు బల్ల యున్నది. అయినను తమ యింటి ప్రక్కనున్న తెరచిన తలుపును విడిచి, ఎక్కడనో యున్నదని విన్న మూసిన తలుపును తట్టుచుండిరి.

క్రీస్తు సహోదరత్వమునకు పిలుపు

ఆండ్రియే 1614లోనే వైహింగెన్ పట్టణములో ఉపకాపరిగా నియమింపబడి, ఆ సంవత్సరమే ఆగ్నెస్ ఎలిజబెత్ అను స్త్రీని వివాహమాడెను. లోకములోని అలజడి చూచి ఆయన ఊరకుండలేదు. 1617లో క్రీస్తు సహోదరత్వమునకు ఆహ్వానము అను పుస్తకము వ్రాసెను. అందులో మర్మపు ముద్రలు లేవు, బంగారపు ఆశ లేదు. ప్రేమయందును, సాదాజీవితమందును, ప్రార్థనయందును ఒకరినొకరు బలపరచుకొనుడని పిలుపు. 1619లో బాబెలు గోపురము అను పుస్తకము వ్రాసి, గులాబి సిలువ సంఘమును గూర్చి ఎవరికి తోచినది వారు పలుకుట బాబెలునొద్ద భాషలు తారుమారైనట్లున్నదని చూపెను. ఆ సంఘమును విడిచెదను గాని సిలువ క్రింద పరిమళించు నిజమైన క్రైస్తవ సహోదరత్వమును విడువనని ఆ పుస్తకమునందే తన తీర్మానము తెలిపెను. ఆ సంవత్సరమే క్రైస్తవ పట్టణము అను పుస్తకములో, ప్రతివాడు చేతిపని చేయుచు, ప్రతి బిడ్డ చదువుకొనుచు, దేవుని సేవించు ఒక ఊరిని వర్ణించెను.

పుస్తకములతో ఆగియుండినయెడల ఇది మరియొక కథయే యగును. దేవుడు ఆయనను పనిలోనికి దింపెను.

కాల్వ్ పట్టణములో

1620లో ఆయన నల్ల అడవి అంచునున్న కాల్వ్ పట్టణమునకు కాపరులపై విచారణకర్తగా వెళ్లెను. అది ఉన్ని బట్టలు నేసి రంగులద్దువారి ఊరు. మరుసటి యేటనే అక్కడి రంగులవారిని వర్తకులను కూడగట్టి ఒక ధర్మనిధి స్థాపించెను. దానినుండి బీదలకు, రోగులకు, చదువుకొను పిల్లలకు సహాయము చేయబడెను. ఆయన మరణించిన తరువాత చాలకాలము ఆ నిధి నిలిచెను. రహస్య సహోదరులు ఉచితముగా స్వస్థపరతురని యౌవనములో కథ విన్నవారు, పేర్లు తెలిసిన మనుష్యులు లెక్కలు చూపి చేయు ధర్మమును ఇప్పుడు కన్నులార చూచిరి.

అంతలో ముప్పదియేండ్ల యుద్ధము వారి మీదికి వచ్చెను. 1634 సెప్టెంబరులో నోర్డ్‌లింగెన్ యొద్ద ప్రొటెస్టెంటు సైన్యములు ఓడిపోయెను. కొన్ని దినములకే శత్రుసైన్యము కాల్వ్ మీదపడి ఊరు కాల్చివేసెను. ఆండ్రియే తనవారితో అడవులలోనికి పారిపోయెను. ఆయన ఇల్లు, ఏండ్ల తరబడి కూర్చుకొన్న గ్రంథములు, అచ్చుకాని వ్రాతలు, పేరుగల చిత్రకారుల పటములు అన్నియు బూడిదయాయెను. వెంటనే కరవును తెగులును వచ్చెను.

ఆయన తిరిగివచ్చెను. చనిపోయినవారిని పాతిపెట్టెను, బ్రతికినవారికి అన్నము సమకూర్చెను. యిర్మీయా యెరూషలేమును గూర్చి విలపించినట్లు, కాల్వ్ విలాపములు అను పుస్తకము వ్రాసి 1635లో ప్రకటించి, ఇతర పట్టణములలోని విశ్వాసులను సహాయమడిగెను. కాలిపోయిన ఊరిలో ధర్మనిధి మరల పనిచేసెను.

1639లో స్టుట్‌గార్టుకు రాజాస్థాన ప్రసంగికునిగా పిలువబడెను. యుద్ధమువలన దేశములో అనేక సంఘములకు కాపరులు లేకుండిరి, బడులు మూతపడెను. ఆయన కాపరులను తయారుచేయు పాఠశాలను మరల లేపుటకు పాటుపడెను. 1640ల దశకములో ఆయన ప్రోత్సాహముతో ఊరూర కాపరియు పెద్దలును కలిసి కూర్చుండి తగవులు, త్రాగుడు, పిల్లల బడి మొదలగునవి విచారించు సంఘసభలు ఏర్పడెను. జెనీవాలో చూచినది ముప్పది యేండ్లకు మించి కనిపెట్టిన పిమ్మట ఫలించెను. 1649లో ఆ సంస్థానమున పిల్లలందరు బడికి రావలెనను శాసనము వచ్చెను. నూటికి పైగా పుస్తకములు వ్రాసి, శరీరము బలహీనమై, 1654 జూన్ 27న ఆయన ప్రభువునందు నిద్రించెను.

కథకు పట్టిన గతి

కథ మాత్రము నిద్రింపలేదు. పూర్వము ఐరోపాలో రాతితో గొప్ప దేవాలయములు కట్టిన తాపీ మేస్త్రీలకు సంఘములుండెను. పనిలోని మెలకువలును, ఒకరినొకరు గుర్తించు సంజ్ఞలును వారు బయటివారికి చెప్పెడివారు కారు. తరువాత తాపీ పట్టని పెద్దమనుష్యులు ఆ సంఘములలో చేరి, మూలమట్టము, కైవారము మొదలగు పనిముట్లను నీతిపాఠములకు గుర్తులుగా చేసికొనిరి. వారే ఫ్రీమేసనులు. 1717లో లండనులో నాలుగు లాడ్జీలు కూడి గ్రాండ్ లాడ్జి ఏర్పడెనని వారి చరిత్ర చెప్పుచున్నది. వారిలో దానధర్మములు చేసినవారు అనేకులు కలరు, దానిని కాదనరాదు. అయితే మెట్టు వెంబడి మెట్టు ఎక్కింపవలెనను ఆశ వారిలో పెరుగగా, కొత్త మెట్లకు పాత కథ కావలసివచ్చెను. ఆండ్రియే కాలపు కథ చేతికి చిక్కెను.

18వ శతాబ్దమున జర్మనీలో బంగారు గులాబి సిలువ సంఘము అను పేర ఒకటి లేచెను. ఫ్రీమేసనులలో మూడు మెట్లు ఎక్కినవారికే అందులో ప్రవేశము. దానికి తొమ్మిది మెట్లు. రసవాద రహస్యములు చెప్పెదమనిరి, కంటికి కనబడని అధికారులకు లోబడుమనిరి. ప్రష్యా యువరాజు 1781లో అందులో చేరెను. అతడు రాజైన తరువాత ఆ సంఘపు నాయకుడైన వోల్నర్ 1788లో మంత్రియై మతశాసనములు చేసెను. ఫ్రీమేసనుల పద్దెనిమిదవ మెట్టునకు నేటికిని గులాబి సిలువ పేరే యున్నది. 1867లో ఇంగ్లండులో మేస్త్రీ మెట్టు ఎక్కిన ఫ్రీమేసనుల కొరకే ఒక రోజిక్రూషియన్ సంఘము ఏర్పడెను.

ఆ సంఘములోని ముగ్గురు, వెస్ట్‌కాట్, వుడ్‌మన్, మేథర్స్ అనువారు, 1888లో గోల్డెన్ డాన్ అను మంత్రవిద్యా సంఘమును లండనులో స్థాపించిరి. వెస్ట్‌కాట్ అనుమానాస్పద మరణములను విచారించు కరోనరు. తనకు గూఢలిపిలో వ్రాసిన కాగితములు దొరికెననియు, వాటి మూలముగా జర్మనీలోని ఆన్నా స్ప్రెంగెల్ అను గులాబి సిలువ స్త్రీ తమకు అనుమతినిచ్చెననియు అతడు చెప్పెను. 1900లో మేథర్స్ తానే ఆ ఉత్తరములు కల్పితములని బయటపెట్టగా సంఘము చీలిపోయెను. ఆ స్త్రీ పేరు కల్పితమేయని చరిత్రకారులు తేల్చిరి. చూచితిరా? 1614లో లేని సన్యాసితో మొదలైనది 1888లో లేని స్త్రీతో మరల మొదలాయెను. మధ్యలో 274 సంవత్సరములు గడచెను.

మనయొద్దకు వచ్చిన పాయ

ఆండ్రియే జీవితమునుండి మరియొక పాయ పారెను. బాలవిద్యకు మార్గము చూపిన కొమీనియుస్ అను మొరేవియా బోధకుడు ఆయనకు శిష్యుడనగుదునని ఉత్తరము వ్రాసెను. 1675లో సంఘ ఉజ్జీవమును గూర్చి పుస్తకము వ్రాసిన స్పేనర్, సంఘము మేలుకొరకు మరల లేచి రావలెనని కోరిన మనుష్యుడు ఆండ్రియేయే. స్పేనర్ బోధవలన ఫ్రాంకే లేచి హాలె పట్టణమున అనాథశాలను బడులను స్థాపించెను. హాలెలో చదివిన ట్సీగెన్‌బాల్గ్ 1706లో తరంగంబాడికి వచ్చెను. ఆయన వెనుక వచ్చిన బెంజమిన్ షుల్ట్జే మద్రాసులో తెలుగు నేర్చుకొని దేవుని వాక్యమును మన భాషలోనికి త్రిప్పుటకు మొదటి ప్రయత్నములు చేసెను. కథ పెద్ద పట్టణములలోని మూసిన గదులలోనికి పోయెను. బహిరంగముగా చేసిన సేవ సముద్రము దాటి మన వాకిటికి వచ్చెను.

మనకు పాఠము

మర్మమునకు మనుష్యులను లాగు బలమున్నది. మన పల్లెలలోను పాతరలోని బంగారమును చూపెదమనువారును, ఎవరికిని చెప్పకుమని చెవిలో మాట ఊదువారును వచ్చుచుందురు. సంఘములోపల సయితము, మాకే లోతైన సత్యము తెలిసినదని కొందరిని ప్రక్కకు పిలుచువారు లేచుచుందురు. వారిని పరీక్షించుటకు గీటురాయి ప్రభువు మాటలోనే యున్నది. అందరి యెదుట చెప్పలేనిది, విన్నవారిని అడిగిన దాగిపోవునది, ఆయన బోధ కాదు.

అయితే హెచ్చరిక మనకును కలదు. ఆ కాలపు జనులు మూసిన తలుపును ఏల తట్టిరి? సంఘములో వారు వెదకిన ప్రేమ కనబడలేదు గనుకనే గదా! మన సంఘములో రోగిని చూడబోవువాడు లేనియెడల, అప్పులలోనున్నవానికి చెయ్యి అందించువాడు లేనియెడల, వారు మరియొక వాకిటికి పోవుదురు. ఆండ్రియే చేసినట్లు, ఉండవలెనని మనము కోరు సహోదరత్వమును మన ఊరిలో, మన పేర్లతో, నలుగురు చూచునట్లు కట్టుదము.

ప్రార్థన: వెలుగునందు నివసించు ప్రభువా, చాటు మాటల వెంబడి పరుగెత్తకుండ మా పాదములను కాపాడుము. మా సంఘపు వాకిలి బీదవానికి, రోగికి, పరదేశికి ఎల్లప్పుడు తెరచియుండునట్లు మాకు ప్రేమను దయచేయుము. ఆమేన్.